వీడియో ఆటకూ ఒక పథ్యం ఉన్నది

ఆయుర్వేదంలో ఏ ద్రవ్యాన్నీ పూర్తిగా మంచిదని గాని, పూర్తిగా చెడ్డదని గాని తీర్పు చెప్పే పద్ధతి లేదు. నెయ్యి ఆయువును పెంచుతుంది. అగ్ని మందగించిన వాడికి అదే నెయ్యి ఆమాన్ని పెంచుతుంది. పెరుగు బలకరమే, రాత్రిపూట తింటే దోషకరం. మాత్ర ఎంత, కాలం ఏది, తీసుకునేవాడి ప్రకృతి ఎటువంటిది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతనే వైద్యుడు ఒక వస్తువును ఇవ్వవచ్చునా, మానిపించవలెనా అని నిర్ణయిస్తాడు.

ఆహారం విషయంలో ఈ సూత్రాన్ని మన ఇళ్ళలో పెద్దవారు బాగా ఎరుగుదురు. కాని వీడియో గేము అనగానే ఆ విచక్షణ ఎక్కడికో పోతుంది. పిల్లల చేతిలో ఫోను కనబడితే చాలు, కళ్ళు పోతాయనీ చదువు పోతుందనీ తల్లిదండ్రులు ఆందోళన చెందుతారు. మరికొన్ని ఇళ్ళలో పిల్లవాడు అన్నం తింటే చాలునని ఫోను చేతికిచ్చి ఊరుకుంటారు. ఈ రెండు మార్గాల నడుమ మితం అనే మూడవ మార్గం ఒకటి ఉన్నది. దానిని గురించి నా వైద్యశాల అనుభవంలో తెలిసిన కొన్ని విషయాలను పాఠకులకు మనవి చేస్తాను.

శ్రీసిటీ పొరుగున

నేను సత్యవేడు ప్రాంతంలో చిరకాలంగా వైద్యవృత్తిలో ఉన్నాను. ఒకప్పుడు ఇక్కడికి వచ్చేవారిలో అధికులు వ్యవసాయదారులు. నడుము నొప్పి, మోకాళ్ళ వాతం, తేలుకాటు, పిల్లల దగ్గు, ఇవే నాడు నేను ఎక్కువగా చూసిన బాధలు. 2008లో శ్రీసిటీ వెలసిన తరువాత ఈ ప్రాంతపు దినచర్యయే మారిపోయినది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాలు అప్పుడు చిత్తూరు జిల్లాలోనూ, తడ మండలం నెల్లూరు జిల్లాలోనూ ఉండేవి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి ఇవన్నీ వచ్చినవి. పొద్దు పొడుపుతో లేచి పొద్దు కుంకులతో ముడుచుకునే పల్లెలకు షిఫ్టు బస్సుల రాకపోకలే గడియారమైనవి.

ఇంకొక విశేషం. 2015 ఆగస్టులో షియోమీ సంస్థ భారతదేశంలో తయారైన తన తొలి ఫోనును విశాఖపట్నంలో విడుదల చేసినది. ఆ ఫోను ఫాక్స్‌కాన్ సంస్థ ద్వారా శ్రీసిటీలోనే తయారైనది. ఆ పనిలో చేరినవారిలో అత్యధికులు చుట్టుప్రక్కల పల్లెల ఆడపిల్లలు. దేశమంతటా కోట్లాది చేతులలో ఆటబొమ్మగా మారిన వస్తువును కూర్చిన చేతులలో కొన్ని మా ఊరి చేతులు. కనుక వీడియో ఆట అనేది మాకు ఎక్కడో పట్టణాలలోని విషయం కాదు; మా గడపలోని విషయం.

పాత ఆటలు, కొత్త ఆటలు

ఆట మన సంస్కృతికి కొత్తది కాదు. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే పులిజూదం గీతలు మన గుడి అరుగుల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. పద్నాలుగు గుంటల వామనగుంటల పీట పూర్వం ప్రతి ఇంటా ఉండేది. వైకుంఠపాళిలో నిచ్చెన ఎక్కినపుడు పొంగిపోవడం, పాము నోట పడినపుడు తమాయించుకోవడం పిల్లలకు తెలియకుండానే అలవడేవి. ఈ ఆటలన్నింటికీ సామాన్యమైన గుణం ఒకటున్నది. వంటింట్లో పాలు పొంగితే ఆటను అక్కడే వదిలి లేచి వెళ్ళవచ్చు. గవ్వలు, చింతగింజలు మనకోసం వేచి ఉంటాయి.

వీడియో ఆటల చరిత్ర అర్ధ శతాబ్దానికి పైబడినది. 1972లో అమెరికాలో పాంగ్ అనే బంతాట, 1978లో జపానులో స్పేస్ ఇన్వేడర్స్, 1980లో ప్యాక్‌మ్యాన్ వచ్చినవి. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే శాస్త్రజ్ఞుడు టెట్రిస్‌ను తయారు చేసినాడు. పైనుండి పడే ముక్కలను సందులేకుండా పేర్చడమే ఆ ఆట. మన మధ్యతరగతి ఇళ్ళలోకి 1990లలో టీవీకి తగిలించుకునే గేము పెట్టెలు, చేతిలో ఇమిడే ఇటుకల ఆటలు ప్రవేశించినవి. 1997లో నోకియా ఫోనులో పాము ఆట వచ్చినది. వేసవి సెలవులలో మారియోను దూకించిన పిల్లలు నేడు తల్లిదండ్రులై, తమ పిల్లల చేతిలోని ఫోనును చూచి బెంగపడుతున్నారు.

శాస్త్రం చెప్పే మూడు యోగాలు

చరక సంహితలో రోగాలకు మూల కారణాలలో ఒకటిగా ఇంద్రియాలకు, వాటి విషయాలకు కలిగే తగని కలయికను చెప్పినారు. దానిని అయోగం, అతియోగం, మిథ్యాయోగం అని మూడుగా విభజించినారు. కంటి విషయంలో దీనిని చూడండి. మిక్కిలి ప్రకాశవంతమైన వాటిని అదేపనిగా చూడడం అతియోగం. అసలే చూడకపోవడం అయోగం. మరీ దగ్గరగా ఉన్నవి, మరీ దూరంగా ఉన్నవి, భయంకరమైనవి, వికృతమైనవి చూడడం మిథ్యాయోగం. చీకటి గదిలో, దుప్పటి ముసుగులో, ముక్కుకు జానెడు దూరంలో ఫోను పెట్టుకుని ఆడే పిల్లవాడి విషయంలో అతియోగమూ మిథ్యాయోగమూ రెండూ ఒకచోట చేరుతున్నవి. అదే ఆటను పగటి వెలుతురులో, చేయి చాచినంత దూరంలో, ఇరవై నిమిషాలు ఆడితే ఆ దోషాలు చాలావరకు తొలగుతాయి. దోషం ఆట కంటె ఆడే తీరులో ఎక్కువగా ఉన్నదని దీనివలన తెలుస్తున్నది.

అదే గ్రంథంలో మరొక అధ్యాయం ఉన్నది. ఆకలి, దప్పిక, నిద్ర, ఆవులింత, మూత్రం, మలం మొదలైన పదమూడు వేగాలను ఆపరాదని అందులో చెప్పినారు. ఆటలో మునిగినవాడు మొదట చేసే అపచారం ఇదే. "ఈ ఒక్క లెవెల్ అయిపోనీ" అంటూ మూత్రాన్ని ఆపుకుంటాడు, ఆకలిని ఆపుకుంటాడు, చివరకు నిద్రను ఆపుకుంటాడు. కటిశూల, తలనొప్పి, మలబద్ధకం అని పిల్లలను తీసుకువచ్చే తల్లులను నేను అడిగే మొదటి ప్రశ్న, ఎన్ని గంటలు ఆడుతున్నాడని కాదు. ఆట మధ్యలో పిలిస్తే లేచి వస్తున్నాడా అని. లేచి రాగలిగినవాడికి ఆట వినోదం. లేవలేనివాడికి అది వ్యసనం వైపు నడుస్తున్నది.

ఆటను తీసివేస్తే మిగిలేది ఏమిటి?

ఒక ఉదంతం చెబుతాను. వివరాలు కొంత మార్చినాను. ఒక కర్మాగారంలో షిఫ్టు పని చేసే పాతికేళ్ళ వివాహితను ఆమె అత్తగారు నా వద్దకు తీసుకువచ్చినది. తలనొప్పి, కళ్ళమంట, అన్నం సయించకపోవడం, నిద్ర లేకపోవడం. అత్తగారు రోగనిర్ణయం ముందుగానే చేసుకుని వచ్చినది. "పొద్దస్తమానం ఆ ఫోన్లో రంగు గుండ్లు పగలగొడతా ఉంటాది సామీ. ఆ ఆట మానుకోమని మీరన్నా చెప్పండి" అన్నది.

కోడలి దినచర్యను గంటల వారీగా అడిగి వ్రాసుకున్నాను. రాత్రి షిఫ్టు ముగించుకుని ఉదయం ఇంటికి చేరుతుంది. వచ్చీ రాగానే నీళ్ళు పట్టడం, పిల్లవాడిని బడికి సిద్ధం చేయడం, వంట. పదకొండు గంటలకు నడుము వాలుస్తుంది. అప్పుడు ఒక అరగంట ఫోనులో ఆట. తరువాత రెండు గంటల కలత నిద్ర. మూడు గంటలకు పిల్లవాడు వస్తాడు. సాయంకాలం మళ్ళీ వంట, మళ్ళీ బస్సు.

ఆమె తల వంచుకునే ఒక మాట అన్నది: "నాకంటూ ఉండేది ఆ అరగంటే సామీ. అది గూడా పెరికేస్తే ఎట్ల?"

ఆ ఇంటిలో ఆటను తీసివేస్తే దాని స్థానంలోకి వచ్చేది నిద్ర కాదు; ఇంకొక పని. రోగానికి మూలం అరగంట ఆటలో లేదు. రాత్రంతా మేలుకున్న శరీరానికి పగలు నిద్ర దక్కకపోవడంలో ఉన్నది. రాత్రి మేలుకొనడం వలన శరీరంలో రూక్షత పెరిగి వాతం ప్రకోపిస్తుంది. అటువంటివారు ఎంతసేపు మేలుకున్నారో అందులో సగం కాలం మరునాటి ఉదయం, భోజనానికి ముందే నిద్రించవలెనని వాగ్భటాచార్యులు చెప్పినారు. పగటి నిద్ర సాధారణంగా నిషిద్ధమే అయినా, రాత్రి జాగరణ చేసినవారికి మినహాయింపు ఇచ్చినారు. ఇన్ని శతాబ్దాల క్రిందటి ఆ మాట మా షిఫ్టు కార్మికులకు ఎంత చక్కగా సరిపోతున్నదో చూడండి.

నేను ఆటను మాన్పించలేదు. దాని స్థానాన్ని మార్చినాను. ఇంటికి రాగానే గోరువెచ్చని నీటితో స్నానం, ఒక గ్లాసు రాగి గంజి, అరికాళ్ళకు నువ్వుల నూనె, వెంటనే నిద్ర. కిటికీకి మందపాటి తెర. నిద్ర లేచి, భోజనం చేసి, పిల్లవాడు వచ్చేలోగా అరగంట ఆట. నిద్రకు ముందు కళ్ళ మీద పడే తెర వెలుతురు, గెలుపోటముల ఉద్రేకం నిద్రను దూరం చేస్తాయి. నిద్ర తరువాత ఆడే ఆటకు ఆ దోషం లేదు. అసలు మందు మాత్రం అత్తగారికి ఇచ్చినాను. ఉదయం నీళ్ళు, పిల్లవాడి పని ఆమె చూసుకోవలెనని. "నేనేం రోగిష్టిదాన్నా సామీ, నాకెందుకు మందు?" అని మొదట గొణిగినా, ఒప్పుకున్నది. రెండు నెలలలో తలనొప్పి తగ్గినది. నిద్ర రెండు గంటల నుండి ఐదు గంటలకు పెరిగినది. షిఫ్టు మారిన వారంలో మళ్ళీ కొంత ఇబ్బంది పడుతూనే ఉన్నది. అది మందులతో పూర్తిగా పోయేది కాదు.

తెలుసుకుని చెప్పవలెనని

తెలియని ద్రవ్యాన్ని రోగికి ఇవ్వరాదు, తెలియకుండా నిషేధించనూ రాదు. కనుక అరవై దాటిన వయసులో నేను ఒక విద్యార్థి సహాయంతో వీడియో ఆటలు ఆడి చూచినాను. శ్రీసిటీలో 2013 నుండి ఒక ట్రిపుల్ ఐటీ ఉన్నది. ఈ ప్రాంతంలో ఇటువంటివి నేర్పే యువకులకు కొరత లేదు.

మొదట టెట్రిస్ ఆడినాను. నిదానంగా పడినంతసేపు ముక్కలు పేర్చడం ఎంతో హాయిగా ఉన్నది. విస్తరిలో వంటకాలు అమర్చినట్లుగా ఉన్నది. వేగం పెరిగేకొద్దీ ఊపిరి బిగబట్టడం, భుజాలు బిగుసుకోవడం, నాడి వేగం హెచ్చడం స్వయంగా గమనించినాను. నాకు గురువైన ఆ కుర్రవాడు, "తాతా, స్పీడు లేని ఆటలు కూడా ఉండాయి" అని మాన్యుమెంట్ వ్యాలీ అనే ఆటను చూపించినాడు. 2014లో వచ్చిన ఈ ఆటలో ఒక చిన్న బాలిక మెట్లు, గోపురాల మధ్య దారి వెతుక్కుంటుంది. శత్రువులను చంపడం లేదు, గడియారం లేదు. మనం ఆలోచిస్తూ కూర్చుంటే ఆ బాలిక కూడా నిలబడి ఉంటుంది. ఒక చిక్కు విప్పడానికి నాకు మూడు రోజులు పట్టినది. ఎవరూ తొందర పెట్టలేదు. విప్పిన రోజున గళ్ళనుడికట్టు పూర్తి చేసినంత తృప్తి కలిగినది.

తరువాత స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయపు ఆట. ఎరిక్ బరోన్ అనే అమెరికా యువకుడు దాదాపు నాలుగేళ్ళు ఒంటరిగా శ్రమించి తయారు చేసిన ఈ ఆట 2016లో వెలువడినది. దుక్కి దున్నడం, విత్తడం, నీరు పోయడం, చేపలు పట్టడం. ఇందులోని రైతుకు శక్తి పరిమితం. పని చేసేకొద్దీ శక్తి తరుగుతుంది; తిండి, విశ్రాంతి కావలెను. రాత్రి రెండు గంటలలోగా ఇంటికి పోయి పడుకోకపోతే స్పృహ తప్పి పడిపోతాడు. కొంత డబ్బు పోతుంది. మరునాడు నీరసంగా లేస్తాడు. జాగరణ దోషాన్ని ఇంత స్పష్టంగా బోధించే ఆట ఉన్నదని నేను ఊహించలేదు. అయితే తెర మీది రైతును సకాలంలో నిద్రపుచ్చి, తాను మాత్రం తెల్లవారేదాకా మేలుకుని ఉండే ఆటగాళ్ళు కూడా ఉన్నారని ఆ కుర్రవాడు నవ్వుతూ చెప్పినాడు.

ఎవరి నడక వారిది

ఆటలు కొన్ని మన కాలాన్ని మనకే వదులుతాయి, కొన్ని మన కాలాన్ని తామే నడిపిస్తాయి. ఉచితంగా దొరికే ఫోను ఆటలలో చాలా వరకు రెండవ రకం. 2012లో వచ్చిన క్యాండీ క్రష్‌ను తీసుకోండి. ఆటగాడికి ఐదు ప్రాణాలు. ఒక్కొక్కటి పోతే తిరిగి రావడానికి అరగంట పడుతుంది. ప్రాణం రాగానే మళ్ళీ ఆడవలెననే ధ్యాస మనసులో మిగిలిపోతుంది. రోజూ వచ్చినవారికి బహుమతి, ఒకరోజు తప్పితే నష్టం, గంట గంటకు టింగుమని పిలుపు, ఇవన్నీ మన ఆకలితో నిమిత్తం లేకుండా వడ్డించే ఏర్పాట్లు. ఆకలి లేనప్పుడు తిన్న అన్నం వంటిదే కోరిక లేనప్పుడు ఆడిన ఆట.

కనుక కొత్తగా ఆడదలచినవారు ఈ క్రింది విషయాలు గమనించగలరు.

1. ఫోనులో ఆట పంపే పిలుపులను పూర్తిగా ఆపివేయండి. మనం ఆటను పిలవవలెను గాని, ఆట మనలను పిలవరాదు.

2. ఎప్పుడంటే అప్పుడు నిలిపి, తరువాత అక్కడి నుండే కొనసాగించగల ఆటను ఎంచుకోండి. చదరంగం, సుడోకు, పదాల ఆటలు, చిక్కుముడులు ఈ కోవలోనివి.

3. సులభమైన స్థాయితో ప్రారంభించడంలో నామోషీ లేదు. అక్షరాలు పెద్దవిగా, శబ్దం చిన్నదిగా మార్చుకోండి. పిల్లలు వేగంగా ఆడుతున్నారని పెద్దలు చిన్నబుచ్చుకోనక్కర లేదు.

4. నచ్చని ఆటను మధ్యలో వదిలివేయండి. పూర్తి చేయవలెనన్న నియమం ఎక్కడా లేదు.

5. ఆట ముగించిన తరువాత శరీరాన్ని పరీక్షించుకోండి. మనసు తేలికగా ఉంటే ఆ ఆట మీకు సాత్మ్యం. చిరాకు, దడ, నోరు ఎండడం ఉంటే అది మీకు పనికిరాదు.

ప్రకృతిని బట్టి కూడా ఎంపిక ఉన్నది. ఇది గ్రంథంలోని మాట కాదు, నా పరిశీలన. వాత ప్రకృతి గలవారికి పరుగుల ఆటలు నిద్రను చెడగొడుతున్నవి; వారికి నిదానమైన చిక్కుముడులు మేలు. పిత్త ప్రకృతి వారు పోటీలో ఓడితే మండిపడతారు. వారు ఒంటరిగా, పోటీ లేని ఆటలు ఆడడం మంచిది. కఫ ప్రకృతి వారు కూర్చున్న చోటు నుండి లేవరు. వారికి ఆటకు ముందు అరగంట నడక షరతుగా పెట్టవలెను.

ఆటల వలన మేలు కూడా లేకపోలేదు. 2007లో అమెరికాలో 33 మంది శస్త్రవైద్యులను పరిశీలించగా, గతంలో వారానికి మూడు గంటలకు మించి వీడియో ఆటలు ఆడినవారు లాప్రోస్కోపీ అభ్యాసంలో 37 శాతం తక్కువ పొరపాట్లు చేసినట్లు తేలినది. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 60 నుండి 85 ఏళ్ళ వృద్ధుల కోసం ప్రత్యేకంగా తయారు చేసిన ఒక కారు ఆట వలన వారి ఏకాగ్రత మెరుగుపడినట్లు ప్రకటించినారు. ఇవి చిన్న పరిశోధనలే. వీటిని చూపి రోజంతా ఆడమని ఎవరూ చెప్పరాదు. కాని ఆట అంటే కేవలం కాలహరణం అనే అభిప్రాయాన్ని సడలించుకోవడానికి చాలు.

అలవాటును పాదం చొప్పున తగ్గించుట

పదవ తరగతి చదివే ఒక బాలుడు రోజూ నాలుగు గంటలు ఆడుతున్నాడని తండ్రి కోపంతో ఫోనును నేలకేసి కొట్టినాడు. బాలుడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడవనాడు బడికి వెళ్ళనన్నాడు. అప్పుడు నా వద్దకు తీసుకువచ్చినారు.

చిరకాలపు చెడు అలవాటును ఒక్కసారిగా విడువరాదనీ, నాలుగవ వంతు చొప్పున, నడుమ వ్యవధి ఇస్తూ తగ్గించవలెననీ, అదే క్రమంలో మంచి అలవాటును ప్రవేశపెట్టవలెననీ చరక సంహిత ఉపదేశం. దీనినే పాదాంశిక క్రమం అంటారు. ఒక్కసారిగా మాన్పిస్తే శరీరమూ మనసూ తిరగబడతాయి. ఈ బాలుడికి మొదటి వారం మూడు గంటలు, రెండవ వారం రెండు గంటలు, మూడవ వారం నుండి ఒక గంట అని నిర్ణయించినాము. తీసిన ప్రతి గంట స్థానంలో ఖాళీ ఉంచలేదు. ఒక గంట సైకిలు మీద ఊరి చెరువు దాకా, ఒక గంట మిత్రులతో కబడ్డీ, ఒక గంట నిద్ర. మరొక నియమం తండ్రికి విధించినాను. వారానికి రెండు రోజులు ఆ గంటలో కొడుకు ప్రక్కన కూర్చుని తాను కూడా ఆడవలెను. కొడుకు నేర్పుతుంటే తండ్రి తడబడడం, ఇద్దరూ నవ్వుకోవడం. ఇంతకు మించిన మేధ్య రసాయనాన్ని నేను ఆ ఇంటికి ఇవ్వలేదు.

మరీ చిన్న పిల్లల విషయం వేరు. ఏడాది లోపు శిశువులకు తెర చూపనే కూడదనీ, రెండు నుండి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంట మించరాదనీ, ఎంత తక్కువైతే అంత మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. అన్నం తినిపించడానికి ఫోను చూపే అలవాటు ఆకలిని, రుచిని గుర్తించే శక్తిని దెబ్బతీస్తుంది.

డబ్బు చేరితే ఆట కాదు

ఒక మాట నిష్కర్షగా చెప్పవలసి ఉన్నది. డబ్బు పందెం పెట్టి ఫోనులో ఆడే రమ్మీ, పోకరు వంటివాటికి ఈ వ్యాసంలోని మినహాయింపులేవీ వర్తించవు. ధర్మరాజు పాచికలు ఏ రూపంలో వచ్చినా వాటి ఫలం ఒకటే. చెల్లెలి పెళ్ళికి దాచిన సొమ్మును ఫోనులో పోగొట్టుకుని, ఇంట్లో చెప్పలేక, కడుపునొప్పి అంటూ నా వద్దకు వచ్చిన యువకుడిని చూచినాను. అతని కడుపులో వ్యాధి లేదు, భయం ఉన్నది. అన్నను పిలిపించి ముగ్గురం కూర్చుని మాట్లాడిన తరువాతనే ఆ నొప్పి తగ్గినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో ఆన్‌లైన్ రమ్మీ, పోకరులను నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసినది. పందెం లేని ఆటలను ఆ చట్టం వేరుగా గుర్తించినది. మన ఇళ్ళలో కూడా ఆ గీత గీయవలెను.

గృహవైద్యం

ఆడేవారికి కలిగే చిన్న బాధలకు ఇంట్లోనే చేసుకోదగిన ఉపాయాలు ఇవి.

కళ్ళమంట: తెరను చూసేటప్పుడు రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, కన్ను పొడిబారుతుంది. ఇరవై నిమిషాలకు ఒకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకండ్లు చూడండి. పదిసార్లు మెల్లగా రెప్పలు వేయండి. మూసిన రెప్పల మీద నందివర్ధనం పూలు గాని, చల్లని కీరదోస ముక్కలు గాని పది నిమిషాలు ఉంచండి. ఇంట్లో కాచిన కషాయాలను, తేనెను కంటిలో వేయవద్దు.

దృష్టి శ్రమ: రాత్రి పడుకునే ముందు అరికాళ్ళకు నువ్వుల నూనెతో ఐదు నిమిషాలు మర్దన చేయండి. పాదాభ్యంగనం కంటికి మేలు చేస్తుందని శాస్త్రవచనం. భోజనంలో మునగాకు, పొన్నగంటికూర తరచుగా ఉండవలెను.

మెడనొప్పి: ఫోనును ఒడిలో పెట్టుకుని తల వంచి ఆడరాదు. దిండు మీద మోచేతులు ఆనించి, తెరను ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకోండి. వేయించిన ఉప్పును గుడ్డలో మూటకట్టి, చర్మం కాలకుండా మెడకు, భుజాలకు కాపడం పెట్టండి.

బొటనవ్రేలి నొప్పి: బొటనవ్రేలి మూలంలో, మణికట్టు ప్రక్కన నొప్పి వస్తే వారం రోజులు ఆట పూర్తిగా ఆపండి. గోరువెచ్చని నువ్వుల నూనెలో కొద్దిగా కర్పూరం కరిగించి పైపూతగా రాయండి.

నిద్రలేమి: పడుకోవడానికి గంట ముందే ఆట ముగియవలెను. గోరువెచ్చని పాలలో చిటికెడుకు మించకుండా జాజికాయ పొడి కలిపి త్రాగవచ్చు. గర్భిణులు దీనిని వాడరాదు.

మూర్ఛ వ్యాధి గలవారు వేగంగా మెరిసే రంగుల ఆటలకు దూరంగా ఉండవలెను. 1997 డిసెంబరులో జపానులో పోకెమాన్ ఆట ఆధారంగా తీసిన టీవీ చిత్రంలోని ఎరుపు, నీలి మెరుపుల వలన ఆరువందలకు పైగా పిల్లలను ఆసుపత్రులకు చేర్చవలసి వచ్చినది.

వైద్యుని సలహా ఎప్పుడు?

ఆటను ఆపుకోలేకపోవడం, తిండి, చదువు, పని, అనుబంధాల కంటె ఆటకే ప్రాధాన్యం ఇవ్వడం, నష్టం జరుగుతున్నా మానలేకపోవడం, ఈ మూడు లక్షణాలు దాదాపు ఏడాది పాటు కనిపిస్తే దానిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక రుగ్మతగా పరిగణిస్తున్నది. 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన వ్యాధుల పట్టికలో అది చేరినది. అప్పుడు గృహవైద్యం చాలదు. మానసిక వైద్యనిపుణుని సంప్రదించండి. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. అయితే ఆడేవారందరూ రోగులు కారు. వారిలో చాలా కొద్దిమందికే ఈ స్థితి వస్తుంది.

మీ ఇంట్లో ఎవరైనా రోజుకు అరగంట ఆడుకుంటుంటే, వారి చేతిలోని ఫోనును లాక్కునే ముందు ఒక్క క్షణం ప్రక్కన కూర్చోండి. ఏమి ఆడుతున్నారో, ఎందుకు నచ్చినదో అడగండి. పిలిస్తే లేచి భోజనానికి వస్తున్నారా, రాత్రి సుఖంగా నిద్రపోతున్నారా అని గమనించండి. ఈ రెండూ సక్రమంగా ఉంటే ఆ అరగంటను వారికి వదిలిపెట్టండి. వీలైతే మీరు కూడా నిదానంగా సాగే ఒక ఆటను ఎంచుకుని, సాయంకాలం దీపం పెట్టే వేళకు ముందు, వెలుతురు ఉన్న వసారాలో, పది నిమిషాలతో ప్రారంభించండి.